రంగు కారుతోందని మూసిన దారి

ఎండిపోయిన నేలని ఆకుపచ్చగా చూపించడం నా ఉద్యోగం. విజయనగరంలో ఒక ల్యాండ్‌స్కేప్ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు అదే పని చేశాను. పార్కులు, కాలేజీ ఆవరణలు, కల్యాణ మండపాల ముందు తోటలు, చెరువు గట్ల మీద నడక దారులు. వీటికి ఆర్కిటెక్టులు నల్ల గీతలతో ప్లాన్లు గీస్తారు. ఆ గీతల మధ్య రంగులు నింపి, చెట్లు పెట్టి, నీడలు వేసి, చూసేవాళ్ళకి నోరూరేలా రంగుల షీటు తయారుచేసేదాన్ని. మొదట్లో బ్రష్షుతో, తర్వాత ఫోటోషాప్‌లో.

మా అన్నయ్య కూతురు రాజాంలో ఇంజనీరింగ్ చదివి ఈమధ్యే ఇదే పనిలో చేరింది. "అత్తా, నీకు తెలిసిన కిటుకులు ఏటైనా ఉంటే రాసిపెట్టొచ్చు కదా, మా ఫ్రెండ్స్‌కి కూడా పంపుతాను" అంది. సరే అని కూర్చున్నాను. తీరా చూస్తే నా దగ్గరున్న కిటుకులు రెండే, మిగతాదంతా ఏడుపే. ముందే చెప్పేస్తున్నాను, హుషారు కోసం చదివేవాళ్ళు ఇక్కడితో ఆపేసి టీ పెట్టుకోవడం మంచిది.

పని అంటే ఏం చేస్తామంటే

లైన్ ప్లాన్ మన దగ్గరికి రాగానే మొదట రాతల లేయర్ ఆపేస్తాం. అంటే ప్లాన్ మీద ఉండే కొలతలు, పేర్లు, బాణం గుర్తులు అన్నీ ఒక్క క్లిక్కుతో మాయం. ఆకుపచ్చ మీద నల్ల అక్షరాలు చీమలు పట్టినట్టుంటాయని మా బాసుకి అసహ్యం. ఎలాగూ మీటింగులో ఎవడూ చదవడు. కాబట్టి రాతలు తీసేయడం మా ఆఫీసులో పళ్ళు తోముకోవడం లాంటిది, ఎందుకని ఎవరూ అడగరు.

తర్వాత బకెట్. స్క్రీన్ మీద చిన్న బకెట్ బొమ్మ ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి గీతల మధ్య ఒకచోట నొక్కితే ఆ గడి నిండా రంగు పడుతుంది. గీతలన్నీ సరిగ్గా కలిసి ఉంటేనే సుమా. ఎక్కడో వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా చాలు, గడ్డి రంగు అందులోంచి దూరిపోయి రోడ్డు మీద, ఇళ్ళ మీద, చివరికి చెరువులో కూడా పారుతుంది. దీన్ని మేం రంగు కారడం అనేవాళ్ళం. ఆర్కిటెక్టులు తొందరలో గీతలు కలపకుండా వదిలేస్తారు, మనం భూతద్దం పట్టుకున్నట్టు పెద్దది చేసుకుని ఆ ఖాళీ ఎక్కడుందో వెతికి, చిన్న గీత గీసి మూసేస్తాం. తల ప్రాణం తోకకొచ్చే పని. ఏళ్ళ తరబడి చేసేసరికి ఖాళీ కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. ముగ్గులో గీత కలవకపోతే ఊరుకోగలమా, అలాగే ఇదీ.

పై పేరా రెండుసార్లు చదవండి. నా బతుకులో జరిగిన ఘోరం ఇందులోనే ఉంది.

మూర్తిగారు

మా బాసు పేరు మూర్తి. ఆయన్ని తిట్టడానికే రాస్తున్నానని అనుకోవద్దు. జీతం ఒకటో తారీకు దాటనిచ్చేవాడు కాదు. మా అమ్మ మంచాన పడ్డప్పుడు రెండు నెలలు ఇంటి నుంచి పని చేసుకోనిచ్చాడు. కానీ ఆయనకి ఒక్కటే మంత్రం. "రత్నం, మన షీటు చూడగానే పెద్దమనిషికి వెళ్ళి అక్కడ కూర్చోవాలనిపించాలి. అంతే. మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

మిగతాది చూసుకునే ఆ వాళ్ళు ఎవరో నేను ఎప్పుడూ అడగలేదు.

షీటులో మనుషుల్ని కూడా పెట్టేవాళ్ళం. కత్తిరించిన ఫోటోల సీడీ ఒకటి ఉండేది, అందులో అందరూ తెల్లవాళ్ళే. టోపీ పెట్టుకున్న ఆడమనిషి, కుక్కని నడిపించే ముసలాయన, బెలూన్ పట్టుకున్న పాప. "సార్, మన ఊళ్ళల్లో ఈ టోపీ ఆవిడ ఎక్కడుంది?" అని ఒకసారి నవ్వుతూ అడిగాను. "బొమ్మలో ఉంది కదా, చాలు" అన్నాడు. నిజంగానే చాలేది. ఆ టోపీ ఆవిడ మా రెండు జిల్లాల్లో తిరగని పార్కు లేదు.

చెట్ల సంగతి ఇంకా దారుణం. గజపతినగరంలో ఒక కాలనీ పార్కుకి షీటు వేసినప్పుడు ఎర్రెర్రగా గుబురుగా ఉండే చెట్టొకటి నాలుగు మూలలా పెట్టాను. కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారు మా ఆఫీసుకి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, "ఈ సెట్టేటమ్మా? పేరు సెప్తే నర్సరీలో అడుగుతాను" అన్నారు. నాకేం తెలుసు! చలిదేశాల చెట్టేదో అయ్యుంటుంది. "మీ ఇష్టం మాస్టారూ, ఏదైనా వేసుకోవచ్చు" అన్నాను. ఆయన షీటుని మళ్ళీ చూసి, "మరి ఇదెందుకు గీసినట్టు?" అన్నారు. ఆ రోజు ఆయన్ని చాదస్తుడని అందరం నవ్వుకున్నాం. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అడగాల్సిన ప్రశ్న అడిగారంటే ఆయనొక్కరే, అప్పుడు సిగ్గుపడి ఉంటే బాగుపడేదాన్ని.

ఇంకో నిజం. ఇప్పుడు చెప్పబోయే పార్కు దాకా మేం రంగులేసిన ఒక్క తోటనీ కట్టిన తర్వాత వెళ్ళి చూసింది లేదు. మూర్తిగారూ చూడలేదు, నేనూ చూడలేదు. షీటు ఒప్పుకున్నారంటే పని అయిపోయినట్టే.

సముద్రం ఒడ్డున పార్కు

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె. పేరు రాయను, వాళ్ళు పడ్డది చాలు. ఊరంతా వేటకి వెళ్ళే కుటుంబాలే. ఇళ్ళకీ సముద్రానికీ మధ్య ఇసకలో ఒక పార్కు కట్టాలని పైనుంచి నిర్ణయం అయింది. గడ్డి, నడక దారి, బెంచీలు, ఇసక ఎగిరి రాకుండా సముద్రం వైపు పొడవునా నడుమెత్తు రాతి గోడ.

మామూలు రోజుల్లో వాళ్ళ బోట్లు ఇసక మీదే ఉంటాయి. వాయుగుండం అని రేడియోలో చెప్పగానే, కర్రలు వేసి, పదిమంది భుజాలు కలిపి, బోట్లని ఇళ్ళ వెనక మెరక మీదికి చేరుస్తారు. దానికి ఒకటే దారి. ఆ పక్కన గెడ్డ, అంటే సముద్రంలో కలిసే వాగు, దాని బురదలో మనిషే దిగబడతాడు. లైన్ ప్లాన్ గీసిన అమ్మాయి ఊళ్ళోకి వెళ్ళి, అందర్నీ అడిగి, ఇదంతా తెలుసుకుని, గోడ మధ్యలో రెండు బోట్లు పట్టేంత వెడల్పున గీత ఆపేసింది. ఆ ఖాళీ దగ్గర "బోట్ల దారి" అని రాసింది కూడా. ఆ అమ్మాయి తన పని శుద్ధంగా చేసింది.

నేను రాతలు ఆపేశాను. బకెట్ నొక్కాను. గడ్డి రంగు గోడ ఖాళీలోంచి దూకి ఇసకంతా పాకి సముద్రంలో కలిసిపోయింది. "ఛీ, మళ్ళీ కారింది" అనుకున్నాను. గోడ గీత రెండు కొసలూ కలిపేశాను. రెండు సెకన్లు పట్టిందేమో. రంగు బుద్ధిగా నిలబడింది. అక్కడ గోడ బోసిగా ఉందని కాగితం పూల మడి ఒకటి వేసి, పక్కన టోపీ ఆవిడని నిలబెట్టాను. మూర్తిగారు చూసి, "ఈసారి సముద్రం భలే కుదిరింది రత్నం" అన్నాడు. మన సముద్రం ఎప్పుడూ లేనంత నీలంగా వేశాను మరి.

ఊళ్ళో మీటింగు

షీటుని పెద్ద ఫ్లెక్సు చేయించి ఊళ్ళో షామియానా కింద కట్టారు. మూర్తిగారికి ఆ రోజు కారులో తోడు కావాలి, నన్ను రమ్మన్నాడు. నేను రంగులేసిన చోటుకి వెళ్ళడం అదే మొదటిసారి. జనం ఫ్లెక్సు ముందు మూగి, "ఓలమ్మో, ఇది మన ఊరేనా!" అని ఒకటే నవ్వులు. నాకు పొంగిపోవాలనిపించింది, పొంగిపోయాను కూడా.

అందులోంచి ఒకామె ముందుకొచ్చింది. నా వయసే ఉంటుంది, నూకాలు అని పిలిచారు ఎవరో. ఫ్లెక్సు మీద కాగితం పూల మడి దగ్గర వేలు పెట్టింది.

"మేడమ్మా, మా బోట్లెక్కించే దారేదీ? ఇక్కడుండాల. ఇక్కడ గోడే కనిపిత్తన్నాది."

నాకు ఏమీ గుర్తు రాలేదు. ఏ దారి, ఏ గోడ? అటు పక్క మూర్తిగారు అధికారులతో మాట్లాడుతూ నావైపే చూస్తున్నాడు. తెలీదు అనొచ్చు. చూసి చెప్తాను అనొచ్చు. నా నోట వచ్చింది మాత్రం ఇది: "ఇది బొమ్మే కదా అప్పా, అందానికి వేసింది. అసలు ప్లాన్లో దారి ఉంటాది. పూచీ నాది."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఉంటాదంటావు?"

"ఉంటాది."

"అయితే సాలమ్మా" అని నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళిపోయింది. మేం తిరిగి కారెక్కుతుంటే వచ్చి నాకు ఎండు చేపలు పొట్లం కట్టి ఇచ్చింది.

మర్నాడు ఆఫీసులో అసలు ఫైల్ తెరిచి రాతల లేయర్ మళ్ళీ వెలిగించాను. "బోట్ల దారి" అన్న మాట నేను మూసిన చోటే కనిపించింది. పరుగున వెళ్ళి మూర్తిగారికి చెప్పాను.

"వర్కింగ్ డ్రాయింగ్‌లో దారి ఉందా?" అన్నాడు.

"ఉంది సార్."

"గోడ కట్టేవాడు దాన్ని చూసి కడతాడు. రంగుల షీటు చూసి ఎవడైనా గోడ కడతాడా? ఇప్పుడు ఫ్లెక్సు మార్చమంటే మన తప్పు మనమే దండోరా వేసుకున్నట్టు. వదిలేయ్."

వదిలేశాను. ఆయన బలవంతం చేశాడని చెప్పుకుంటే నాకు హాయిగానే ఉంటుంది, కానీ అది అబద్ధం. ఆయన ఆ మాట అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా కంప్యూటర్లో గీత తుడిచి, దారి మళ్ళీ తెరిచి, "దిద్దినది" అని పేరు పెట్టి ఫైల్ దాచుకున్నాను. ఎవరికీ పంపలేదు. దిద్దాననే అనుకుని ఇంటికెళ్ళి నిద్రపోయాను.

గోడ

ఎవడైనా కడతాడా అన్నాడు కదా మూర్తిగారు. కట్టారు. తర్వాత ఆ పని చేయించిన మేస్త్రిని వెతుక్కుని వెళ్ళి అడిగితే, పాపం దాపరికం లేకుండా చెప్పాడు. "గీతల కాయితం మాకేటి తెలుస్తాది మేడమ్మా. రంగులదైతే గోడేదో గడ్డేదో ఇట్టే తెలిసిపోతాది. అదే అట్టకి అంటించి షెడ్డులో తగిలించీసినాం. దాన్ని సూసే కట్టీసినాం." కాగితం పూల మడి కూడా నేను గీసిన వంపులోనే కట్టాడు. అంత శ్రద్ధగా నా బొమ్మని చూసినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే.

ఇదంతా నాకు తెలిసింది పేపర్లో చిన్న వార్త చూశాక. తుపాను హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం ఆ ఊళ్ళో బోటు మీద పడి ఒక మనిషి నడుము విరిగిందని. ఊరి పేరు చదివి బస్సెక్కాను. బస్సులో ఉన్నంతసేపూ అక్కడ దారి ఉండే ఉంటుందని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

దారి లేదు. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండుగా ఉంది. ఇసక వైపు నాలుగు బోట్లు చెక్కలు చెక్కలుగా పడి ఉన్నాయి, అలలు వాటిని ఆ గోడకేసి కొట్టాయట. అయిదో బోటుని ఎనిమిదిమంది గోడ మీదుగా ఎత్తబోయారు. వాన, గాలి, రాయి జారుడు. బోటు వెనక్కి జారి కింద ఉన్నవాడి మీద పడింది. ఆ మనిషి పేరు దానయ్య. నూకాలు మొగుడు.

ఆస్పత్రికి వెళ్ళాను, వరండాలోంచే చూశాను. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళను? ఆమె కంటపడకుండా వెనక్కి తిరిగాను. దానయ్య మళ్ళీ వేటకి వెళ్ళలేదు, ఇక వెళ్ళడు. చేతికర్ర పట్టుకుని అరుగు దాకా వస్తాడు, అంతవరకే.

ఆ తర్వాత లైన్ ప్లాన్ చుట్టుకుని, ఆ పార్కు చూసే ఆఫీసు మెట్లెక్కాను. గోడకి దారి తెరవండని అడిగాను. అక్కడి పెద్దాయన మర్యాదస్తుడే, కుర్చీ చూపించాడు. ఫైల్లోంచి నా రంగుల షీటు తీసి బల్ల మీద పరిచాడు. "మేడమ్, మీటింగులో ఆమోదించింది దీన్ని. సంతకాలన్నీ దీని మీదే ఉన్నాయి. దీంట్లో దారి ఎక్కడుందో చూపించండి" అన్నాడు. నా నీలం సముద్రం, నా టోపీ ఆవిడ. పదిసార్లు తిరిగాను. దారి తెరవాలంటే కొత్త ప్లాను, కొత్త ఆమోదం, కొత్త మీటింగు అన్నారు. ఊరివాళ్ళు పగలగొడితే కేసు పెడతామని కూడా అన్నారు. ఆ గోడ ఈ రోజుకీ అలాగే ఉంది.

ఆ రెండు కిటుకులు

రాతల లేయర్ ఆపకండి. గీతలో ఖాళీ కనిపిస్తే మూయకుండా, గీసిన మనిషికి ఫోన్ చేసి ఎందుకు వదిలారని అడగండి. ఇవే నా కిటుకులు.

ఇవి మా మేనకోడలికి చెప్తే నవ్వింది. "అత్తా, ఇప్పుడు అవన్నీ మేం సూడం. ప్లాన్ పడేస్తే కంప్యూటరే రంగులేసీస్తాది. ఖాళీలుంటే అదే మూసీసుకుంటాది" అని లాప్‌టాప్ తిప్పి చూపించింది. నిజమే. మూసింది ఎక్కడో కూడా మనకి చెప్పదు. నేను కనీసం నా చేత్తో మూశాను కాబట్టి ఎక్కడ మూశానో తెలుసు, ఎవరికి ఏం చేశానో తెలుసు. రేపు వీళ్ళకి ఆ ఏడుపు కూడా మిగలదు. నేను రాసింది చదివి ఎవరైనా మారతారని నాకు నమ్మకం లేదు. మధ్యాహ్నం ప్లాన్ ఇచ్చి సాయంత్రానికి షీటు కావాలనే చోట ఎవరికి ఫోన్ చేసి అడుగుతారు?

చివరిసారి వెళ్ళినప్పుడు

రిటైరయ్యాక కడుపులో దాచుకోలేక మొన్న మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. నూకాలు ఇంటి ముందు గోనె పరుచుకుని ఎండు చేపలు ఏరుతోంది. ఇప్పుడు వేరేవాళ్ళ దగ్గర కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి సంతకి వెళ్తుందట. అరుగు మీద దానయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఆమె గుర్తుపట్టింది, పీట వేసింది. నేను కూర్చోలేదు. గీత సంగతి, రంగు కారడం, రెండు సెకన్లు, దిద్ది దాచుకున్న ఫైలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. చెప్తూ ఏడ్చేశాను.

ఆమె విన్నంతసేపూ విని, ఒక చేపని పక్కన పడేసింది.

"గీతలూ రంగులూ నాకేటి తెలుస్తాయమ్మా. పునాది తవ్వినపుడే దారి లేదని మావోళ్ళకి తెలిసిపోనాది. గునపాలట్టుకుని అడ్డం ఎల్తామన్నారు. ఈయనే ముందు లెగిసినాడు. నానే ఆపీసినాను. ఆ మేడమ్మ నాకు మాటిచ్చినాది, దారి ఉంటాది, ఊరుకోండెహె అని అందర్నీ కూకోబెట్టీసినాను." గొంతు తగ్గించింది. "ఆస్పత్రి నుంచొచ్చిన కాడినుంచి ఈయన నాతో మాటాడడమ్మా. కూడెడితే తింటాడు, అంతే. నువ్వొకపాలి సెప్పవా, నా తప్పు కాదని?"

అరుగు దగ్గరికి వెళ్ళాను. దానయ్య కళ్ళు వాల్చి తన మోకాళ్ళనే చూసుకుంటున్నాడు.

"దానయ్యా, తప్పు నాది. తెలీకుండా నేనే మాటిచ్చాను. ఆమెని ఏమీ అనకు."

చేతికర్ర పక్కకి జరుపుకున్నాడు. తర్వాత నావైపు చూడకుండానే అన్నాడు.

"మీరు సెప్తారు మేడమ్మా. సెప్పడమే మీ పని. ఇది మాత్రం ఎందుకు నమ్మాల?"

వెనక నూకాలు తల వంచుకుని చేపలు ఏరుకుంటూనే ఉంది.